ప్లగ్గు ఒకటే, లోపలి వైర్లు వేరు

కంపెనీ బిగించి ఇచ్చిన గేమింగ్ డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి మారిస్తే చాలదా అని మన సంఘం పిల్లలు అడుగుతున్నారు. దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీలో 5 స్లాట్లు పెట్టి, వాటి వివరాలు పుస్తకంగా అచ్చువేసింది. ఎవరు చేసిన కార్డయినా అందులో దిగేది. ఈరోజు మనం పార్టులు మార్చుకోగలుగుతున్నామంటే ఆ పుణ్యమే. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలిచ్చింది. బోర్డు స్క్రూలు, పవర్ సప్లై పిన్నులు అందరికీ ఒకటే అయ్యాయి.

అయితే కంపెనీలన్నీ ఆ గీత దాటకుండా ఉన్నాయా? 1990ల చివర్లో డెల్ కొన్ని డెస్క్‌టాప్‌లలో ఏటీఎక్స్ ప్లగ్గునే ఉంచి, లోపలి వైర్ల వరుస మార్చింది. బయట కొన్న సప్లై చక్కగా కూర్చుంటుంది, స్విచ్ వేస్తే బోర్డు కాలే ప్రమాదం! 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి, బళ్లారి మైసూరులో కలిసినా మన ఇళ్లలో మాట మారలేదు. ఆ ప్లగ్గుది దీనికి తలకిందులు కథ.

ఇప్పటికీ కొన్ని రెడీమేడ్ పెట్టెల్లో సొంత కొలతల బోర్డులు, సప్లైలే ఉంటాయి. స్లాటు ఇచ్చేది 75 వాట్లే. 8 పిన్నుల వైరు మరో 150 ఇస్తుంది. ఆ వైరే లేని సప్లై ఉన్నప్పుడు పెద్ద కార్డు కొని ఏం లాభం? జీన్స్ కుట్టి బతికే ఇళ్లలో ఆ డబ్బు చిన్నది కాదు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మాత్రం చాలావాటిలో సులభంగా మారతాయి. కార్డుకు డబ్బు కట్టకముందే పక్క మూత విప్పి, సప్లై మీది చీటీ ఫోటో మాకు పంపండి, కలిసి చూద్దాం.