ఇసుక మీద ఆనకట్ట

నీటిపారుదల శాఖలో ముప్పయి నాలుగేళ్లు పనిచేసి, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరైనవాణ్ని. ఆమధ్య మా ఊరి హైస్కూలువారు ఇంజనీర్స్ డే నాడు పదో తరగతి పిల్లలకు సివిల్ ఇంజనీరింగు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సెప్టెంబరు 15 విశ్వేశ్వరయ్యగారి జయంతి కదా! 1908 మూసీ వరదలు, ఆ తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గురించి అరగంట చెప్పాను. పిల్లలు మర్యాదగా ఆవులించారు. "ఇంజనీర్లు ఎవరవుతారు?" అంటే చేతులన్నీ లేచాయి. అన్నీ కంప్యూటర్ల వైపే. ఒక కుర్రాడు "సివిల్ అంటే తాపీ పనే కదండీ" అన్నాడు. మనసు చివుక్కుమంది. (ఇంట్లో మా మనవడిదీ ఇదే మాట. వాడితో వాదించి లాభం లేదు.)

మరుసటి వారం హెడ్మాస్టరుగారిని అడిగి ఒక తొట్టి, ఇసుక, ఇటుకలు పట్టుకెళ్లాను. ఇసుకలో ఇటుకలు అడ్డంగా నిలబెట్టి ఒక పక్క నీళ్లు పోయించాను. నీరు ఇటుకను తొయ్యలేదు. అడుగునుంచి ఊరి ఇసుకను లాక్కుపోయింది. ఇటుక ఒరిగింది.

"ధవళేశ్వరం దగ్గర గోదావరి అడుగూ ఇసుకే. అక్కడ ఆనకట్ట ఎలా నిలబడింది?" అన్నాను. రోజూ గోదావరిని చూసే పిల్లలే, ఒక్కరూ పలకలేదు.

అప్పుడు చెప్పాను. కాటన్ దొర ఈ విద్య ఇంగ్లండులో నేర్చింది కాదు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం కావేరి మీద కల్లణై కట్టిన ఈ దేశపు పూర్వుల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాశాడు. 1847లో మొదలుపెట్టి 1852కు ముగించిన మన ఆనకట్టకు ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. ఇసుకలోకి బావులు దింపి, వాటిమీద గోడ లేపి, దిగువన రాళ్లు పరిచారు. అడుగున నీరు నడిచే దారి పొడుగైతే దాని జోరు తగ్గుతుంది. కిటుకంతా అదే. కాటన్ పక్కన నిలిచి పని నడిపించిన వీణెం వీరన్నగారి పేరు కూడా చెప్పాను. మన పుస్తకాల్లో ఆయనకు దక్కిన చోటు తక్కువే.

ఒక అమ్మాయి లేచి, "వరదలొస్తే ఆ రాళ్లు కొట్టుకుపోవాండీ?" అంది.

"పోయేవమ్మా. మళ్లీ వేసేవాళ్లు."

"ఎవరు?"

1982లో కొత్త బ్యారేజి పూర్తయ్యేదాకా ఆ పాత ఆనకట్టే ఆధారం. నా మొదటి పోస్టింగు అక్కడే.

"మేమేనమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఒరిగిన ఇటుకను సరిచేసి, దిగువన గులకరాళ్లు పేర్చి, చెంబుతో నీళ్లు పోసింది. "తాపీ పని" అన్న కుర్రాడు వాచీ పట్టుకుని, ఇటుక ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.