సౌందర్యమునకు కొలబద్ద

చిత్రమును చూచి బాగున్నదనుట సులభము. ఆ బాగు ఎంతయో కొలుచుట కష్టము. ఈ కొలతకై జరిగిన యత్నముల చరిత్ర సుమారు నూటయేబది సంవత్సరములది.

దీనికి ఆద్యుడు జర్మను పండితుడు గుస్టావ్ ఫెక్నర్. 1871లో డ్రెస్డెన్ నగరమున, హోల్బైన్ పేరిట ప్రసిద్ధములైన రెండు మేరీమాత చిత్రములు ప్రదర్శింపబడగా, అభిప్రాయములు వ్రాయుడని ఆయన ప్రేక్షకుల యెదుట పుస్తకము నుంచెను. వేలకొలది జనులు వచ్చినను వ్రాసినవారు 113 మంది మాత్రమే. ఆయన మఱియొక పరీక్షయు జరిపెను. సమాన వైశాల్యముగల 10 చతుష్కోణాకృతులను జనులకు చూపి, మెచ్చినదాని నెన్నుకొనుడనెను. సువర్ణానుపాతముగల ఆకృతిని నూటికి సుమారు 35 మంది కోరిరి. ఈ ఫలితములు 1876లో గ్రంథరూపమున వెలువడెను.

1933లో అమెరికా గణితవేత్త జార్జ్ బిర్కాఫ్ వేఱొక మార్గము త్రొక్కెను. ఆకృతిలోని క్రమమును సంక్లిష్టతచే భాగించినచో సౌందర్యప్రమాణము లభించునని ఆయన సూత్రము.

పిదప గణనయంత్రముల వంతు వచ్చెను. 2006లో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు వర్ణము, కాంతి, కూర్పు మున్నగు 56 లక్షణములను పరిశీలించి, జనులు మెచ్చిన ఛాయాచిత్రములను మెచ్చనివానినుండి యంత్రముచే వేఱుచేయించిరి. నూటికి సుమారు 70 పర్యాయములు అది సరిపోయెను. 2012లో రెండున్నర లక్షలకు పైబడిన ఛాయాచిత్రముల సంచయము సిద్ధమయ్యెను. పోటీలలో జనులిచ్చిన 1 మొదలు 10 వఱకుగల మార్కులే దాని కాధారము.

అయితే సగటు మోసగింపగలదు. ఒక చిత్రమునకు అందఱును 5 ఇచ్చిరనుకొందము. మఱియొకదానికి సగముమంది 1, సగముమంది 9 ఇచ్చిరనుకొందము. సగటు ఒక్కటే, ఆదరణ వేఱు. అందుచే 2017లో గూగుల్ పరిశోధకులు, ఏ మార్కు నెందఱిత్తురో ఊహించు పద్ధతిని ప్రకటించిరి. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము ఈ రుచిభేదమును ఏనాడో గుర్తించినది: ఆచార్యులు రేఖను, విచక్షణులు ఛాయలను, స్త్రీలు భూషణములను, ఇతరులు వర్ణసమృద్ధిని మెత్తురని దాని యాశయము.

ఇది తెలుగువారికి దూరపు సంగతి కాదు. తంజావూరు పటములను తరతరములుగా చిత్రించినవారిలో తెలుగు మాతృభాషగాగల రాజుల కుటుంబములు ప్రముఖములు. ఆ పటమున దైవము నట్టనడుమ నిలుచును. బంగారు రేకును రాళ్లును మెఱయును. ఛాయాగ్రాహకుల నియమమో, ముఖ్యవస్తువు నడుమనుండి తొలగవలెనని చెప్పును. పోటీల తీర్పులతో మాత్రమే శిక్షణ పొందిన యంత్రము ఆ పటమునకు తక్కువ మార్కులిచ్చినచో, లోపము పటమునది కాకపోవచ్చును. యంత్రము తనకు నేర్పినవారి యభిరుచినే తిరిగి చెప్పును. కావున కొలతను నమ్ముటకు ముందు కొలబద్ద ఎవరిదో అడుగవలెను. పూజాగృహమున ఆ పటమును చూచి పెరిగిన కన్నులకును అందు చోటుండవలెను.