కారణం చెప్పనక్కరలేని తీర్పులు

2024 జూన్ 8న అమెరికాలోని లూయీవిల్ నగరంలో రెఫరీ పూజా తోమర్ చేయి పైకెత్తగానే, యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ మహిళగా ఆమె పేరు మన పత్రికల్లోకి ఎక్కింది. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా నుంచి వెళ్లిన ఆ యువతి సాధించినది చిన్న విషయం కాదు. అయితే ఆ రాత్రి వెలువడిన మూడు స్కోరు కార్డులను మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఒక జడ్జి మూడు రౌండ్లనూ పూజకే ఇచ్చి 30–27 అని రాశారు. మరొకరు మూడు రౌండ్లనూ ఆమె ప్రత్యర్థి, బ్రెజిల్ క్రీడాకారిణి రయానె దోస్ శాంతోస్‌కే ఇచ్చి 27–30 అన్నారు. మూడో జడ్జి 29–28తో పూజను గట్టెక్కించారు. ఒకే పదిహేను నిమిషాల పోరును బరి పక్కనే కూర్చుని చూసిన ఇద్దరు నిపుణులకు ఒక్క రౌండు విషయంలోనూ ఏకాభిప్రాయం కుదరలేదు. తమకు అలా ఎందుకు తోచిందో ఇద్దరూ చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా వారికి లేదు.

గెలిచింది మన అమ్మాయి గనుక మనం అడగలేదు. ఓడినప్పుడు ఎలా అడుగుతామో 2014లో చూశాం. ఇంచియాన్ ఆసియా క్రీడల బాక్సింగ్ సెమీఫైనల్లో మణిపూర్‌కు చెందిన సరితాదేవి, ఆతిథ్య దేశపు క్రీడాకారిణి పార్క్ జినా చేతిలో ఓడినట్లు జడ్జీలు ప్రకటించారు. పతకాల వేదికపై సరిత కన్నీళ్లతో తన కాంస్యాన్ని తీసి పార్క్ మెడలోనే వేసింది. దేశమంతా భగ్గుమంది. అంతర్జాతీయ సమాఖ్య మాత్రం స్కోరు కార్డుల జోలికి పోకుండా సరితపైనే ఏడాది నిషేధం విధించింది. ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మన ఆగ్రహం తీర్పుచెప్పే పద్ధతి మీద కన్నా ఫలితం మీదే ఎక్కువగా ఉందని ఒప్పుకోక తప్పదు. ఇందులో నేనూ మినహాయింపు కాదు.

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ చరిత్రలో వివాదాస్పద తీర్పుల జాబితా చాలా పెద్దది. అభిమానులు ఆ జాబితాను ఎవరు నెగ్గాలి, ఎవరికి అన్యాయం జరిగింది అన్న లెక్కన చదువుతారు. రాజకీయాలు రాసుకునే నాలాంటి వాడికి అందులో మరొకటి కనిపిస్తుంది. జడ్జీని నియమించేది ఎవరు? అతడు ఎవరికి జవాబుదారీ? లెక్కించే పద్ధతే ఫలితాన్ని మార్చేస్తే దానికి బాధ్యులెవరు?

ఈ ఆట పుట్టినప్పుడు అసలు జడ్జీలే లేరు. 1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో ఒకడు స్పృహ తప్పాలి, లేదా లొంగిపోవాలి, లేదా అతని తరఫువారు తువ్వాలు విసరాలి. తీర్పు అవసరమే లేని ఆట అన్నదే దాని ఆకర్షణ. ఆ భ్రమ రెండేళ్లయినా నిలవలేదు. 1995 ఏప్రిల్‌లో హోయ్స్ గ్రేసీ, కెన్ షామ్‌రాక్ ముప్పయ్యారు నిమిషాలు పెనుగులాడి ఎటూ తేల్చలేకపోయారు. తేల్చడానికి జడ్జీలు లేరు కాబట్టి దాన్ని సమంగా ప్రకటించి ఇంటికి పంపారు. ఆ ఏడాది చివరికల్లా బరి పక్కన జడ్జీల కుర్చీలు వెలిశాయి.

ఇంతలో వాషింగ్టన్ కన్ను పడింది. అరిజోనా సెనేటర్ జాన్ మెకెయిన్ దీన్ని మనుషుల కోడిపందెం అని ఈసడించి, 1996లో యాభై రాష్ట్రాల గవర్నర్లకూ నిషేధించమని లేఖలు రాశారు. (గోదావరి జిల్లాల పాఠకులకు ఆ పోలికలోని ఘాటును విడమరచి చెప్పనక్కరలేదు. నిషేధం ఎంత బాగా అమలవుతుందో కూడా.) న్యూయార్క్‌తో సహా అనేక రాష్ట్రాలు తలుపులు మూశాయి. బతికి బట్టకట్టాలంటే ప్రభుత్వ ముద్ర కావలసి వచ్చింది. 2001 ఏప్రిల్‌లో న్యూజెర్సీ క్రీడా నియంత్రణ మండలి ఆధ్వర్యంలో ఉమ్మడి నియమావళి సిద్ధమైంది. ఆ తొందరలో స్కోరు వేసే పద్ధతిని బాక్సింగ్ నుంచి ఉన్నదున్నట్లు తెచ్చి అతికించారు. రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి 9 లేదా అంతకంటే తక్కువ. పన్నెండు రౌండ్ల బాక్సింగ్‌లో ఒక రౌండు తప్పుగా లెక్కించినా సర్దుకోవడానికి పదకొండు రౌండ్లు మిగులుతాయి. మూడే రౌండ్లున్న పోరులో ఒక రౌండంటే మూడో వంతు. పైగా తొలినాళ్ల జడ్జీలలో చాలామంది బాక్సింగ్ నుంచి వచ్చినవారే. నేల మీది పట్లు, తొడల మీది తన్నులు వారికి కొత్త.

2009 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో ఛాంపియన్ ల్యోటో మచీడాను మౌరీసియో రువా ఐదు రౌండ్లపాటు కాళ్ల మీద, పక్కటెముకల మీద తన్నుతూనే ఉన్నాడు. ముగ్గురు జడ్జీలూ 48–47తో మచీడానే గెలిపించారు. హాలు హాహాకారాలు చేసింది. 2010 మేలో మాంట్రియల్‌లో మళ్లీ తలపడ్డప్పుడు రువా మొదటి రౌండులోనే మచీడాను పడగొట్టి జడ్జీలకు పని లేకుండా చేశాడు. కానీ ఈ అవకాశం దొరికేది పేరున్నవాడికే. టికెట్లు అమ్మలేని కొత్త కుర్రాడికి రెండో పోటీ ఎవరు పెడతారు? చాలా ఒప్పందాలలో బరిలో దిగినందుకు కొంత, గెలిస్తే మరికొంత సొమ్ము ఉంటుంది. తరచుగా ఆ రెండు మొత్తాలూ సమానం. అంటే జడ్జి రాసే ఒక అంకె అతని సంపాదనలో సగాన్ని తీసేయగలదు.

వీటన్నిటిలో రాజకీయంగా నన్ను ఎక్కువ ఆకర్షించేది 2013 నవంబరు 16న లాస్ వేగస్‌లో జరిగిన పోరు. కెనడాకు చెందిన జార్జ్ సాం-పియేర్ వెల్టర్‌వెయిట్ ఛాంపియన్. సవాలు చేసినవాడు ఒక్లహోమా మల్లయోధుడు జానీ హెండ్రిక్స్. ఐదు రౌండ్లు ముగిసేసరికి ఛాంపియన్ ముఖం కమిలి గుర్తుపట్టలేకుండా ఉంది. హెండ్రిక్స్ అప్పటికే సంబరాల్లో ఉన్నాడు. తీర్పు వచ్చింది: ఇద్దరు జడ్జీలు 48–47తో సాం-పియేర్‌కు, ఒకరు 48–47తో హెండ్రిక్స్‌కు.

కార్డులు విప్పి చూస్తే తేలిన విషయం ఆసక్తికరం. రెండు, నాలుగు రౌండ్లు హెండ్రిక్స్‌వనీ, మూడు, ఐదు రౌండ్లు సాం-పియేర్‌వనీ ముగ్గురు జడ్జీలూ ఏకీభవించారు. చిక్కంతా మొదటి రౌండులో ఉంది. దాదాపు సరిసమానంగా సాగిన ఆ ఐదు నిమిషాలను ఇద్దరు ఒకరికి, ఒకరు మరొకరికి ఇచ్చారు. హెండ్రిక్స్ తను గెలిచిన రౌండ్లలో గట్టి దెబ్బలే కొట్టాడు. సాం-పియేర్ తన రౌండ్లను స్వల్ప తేడాతో గెలుచుకున్నాడు. అయినా కార్డు మీద రెండూ 10–9లే.

మనకిది కొత్తగా అనిపించకూడదు. 2018 మధ్యప్రదేశ్ ఎన్నికల్లో బీజేపీకి 41.02 శాతం, కాంగ్రెస్‌కు 40.89 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం కాంగ్రెస్‌కు 114, బీజేపీకి 109. యాభై వేల మెజారిటీతో గెలిచినా, అయిదు వందలతో గెలిచినా సీటు ఒక్కటే. హెండ్రిక్స్‌కు ఆ రాత్రి ఓట్లు ఎక్కువ వచ్చాయి, సీట్లు తక్కువ వచ్చాయి. కాబట్టి ఆ తీర్పును దోపిడీ అనడానికి నాకు మనసొప్పదు. జడ్జీలు తమకిచ్చిన నియమాన్ని పాటించారు. ఆ నియమం పోరును చూడదు, రౌండ్లను చూస్తుంది.

ఆ తర్వాత జరిగింది మరింత విచిత్రం. యూఎఫ్‌సీ అధినేత డేనా వైట్ ఆ రాత్రే విలేకరుల ముందు నెవాడా కమిషన్‌పై నిప్పులు చెరిగి, రాష్ట్ర గవర్నర్ జోక్యం చేసుకోవాలన్నారు. ఆ కమిషన్‌లోని ఐదుగురు సభ్యులనూ నియమించేది గవర్నరే. ఒకప్పుడు గవర్నర్ల కరుణ కోసం ఎదురుచూసిన వ్యాపారం ఇప్పుడు గవర్నర్‌నే నిలదీసే స్థాయికి చేరిందన్నమాట. 2001లో యూఎఫ్‌సీని ఇరవై లక్షల డాలర్లకు కొన్న సంస్థ యజమానుల్లో ఒకరైన లోరెంజో ఫెర్టిటా అంతకుముందు అదే నెవాడా కమిషన్ సభ్యుడన్న సంగతిని ఇక్కడ గుర్తు చేయాలి. నియంత్రించేవారికీ నియంత్రణలో ఉండేవారికీ మధ్య ద్వారం మన దేశంలోనే తెరిచి ఉంటుందనుకుంటే పొరపాటు. కొద్ది వారాలకు, 2014 జనవరిలో, కమిషన్ కార్యనిర్వాహక సంచాలకుడు రాజీనామా చేశారు. నియమం మాత్రం అలాగే ఉంది.

రౌండ్లను వదిలేసి పోరు మొత్తాన్ని తూస్తే సరిపోతుందా? జపాన్‌లో ప్రైడ్ సంస్థ అలాగే చేసింది. సింగపూర్‌కు చెందిన వన్ ఛాంపియన్‌షిప్ ఇప్పటికీ అదే పద్ధతి పాటిస్తుంది. అదే సంస్థ 2021 మేలో మన ప్రేక్షకుల కోసమే అన్నట్లు దంగల్ అని పేరు పెట్టిన కార్యక్రమంలో, ఫోగాట్ అక్కచెల్లెళ్లలో ఒకరైన రీతూ ఫోగాట్, బీ న్గుయెన్ చేతిలో చీలిన తీర్పుతో ఓడింది. రీతూ బలం కుస్తీ, న్గుయెన్ బలం నిలబడి కొట్టడం. ఆ సంస్థ ప్రమాణాల వరుసలో ప్రత్యర్థికి చేసిన నష్టం ముందు, పడగొట్టడం ఎంతో తర్వాత వస్తాయి. కుస్తీ కళ్లతో చూసినవారికి రీతూ గెలిచినట్లే కనిపించింది. ఫలితం విని పెదవి విరిచిన వారిలో నేనూ ఉన్నాను. ప్రమాణాల పట్టికను చదివింది మాత్రం ఆ తర్వాతే. పద్ధతి మారినా వివాదం ఆగలేదు. అది ఒక రౌండు నుంచి మొత్తం పోరుకు మారింది, అంతే.

అమెరికాలోనూ దిద్దుబాటు జరగకపోలేదు. 2017 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, ముందుగా దెబ్బల, పట్ల ప్రభావాన్నే చూడాలి. అందులో ఇద్దరూ సమానమైతేనే దూకుడును, అదీ సమానమైతేనే బరి మీద ఆధిపత్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి. స్పష్టమైన ఆధిక్యం ఉంటే 10–8 ఇవ్వడానికి వెనుకాడవద్దన్నారు. ఆ సవరణ తర్వాత కూడా 2020 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో జాన్ జోన్స్, డామినిక్ రేయెస్ పోరులో ముగ్గురు జడ్జీలూ జోన్స్‌కే ఓటు వేశారు. అందులో ఒకరు రేయెస్‌కు ఒక్క రౌండే ఇచ్చి 49–46 అన్నారు. మొదటి మూడు రౌండ్లూ రేయెస్‌వేనని నమ్మినవారు కోకొల్లలు. ఆ జడ్జికి ఏం కనిపించిందో తెలిస్తే బహుశా వారిలో కొందరైనా ఒప్పుకునేవారు. ఒప్పుకోకపోయినా, దేన్ని కాదంటున్నారో వారికి తెలిసేది.

నా పేచీ అక్కడే. మన దేశంలో ఒక తహసీల్దారు భూ వివాదంలో ఉత్తర్వు ఇచ్చినా కారణాలు రాయాలి. రాయకపోతే పై అధికారి దగ్గర అది నిలవదు. నెవాడా నిబంధనల ప్రకారం తీర్పును మార్చాలంటే కుమ్మక్కు జరిగి ఉండాలి, లేదా కూడికలో తప్పు దొర్లి ఉండాలి, లేదా రెఫరీ నియమాన్ని తప్పుగా అన్వయించి ఉండాలి. జడ్జి చూపు తప్పిందన్నది అప్పీలుకు ఆధారం కానే కాదు. ప్రతి క్రీడలోనూ నిర్ణేత మాటే అంతిమం కావాలి, అది సరే. అంతిమమైన మాటకు రెండు వాక్యాల వివరణ జత చేస్తే ఆట ఆగిపోతుందా? రౌండుకు రౌండుకు మధ్య ఒక నిమిషం తీరిక ఉంటుంది. ఆ నిమిషంలో కుదరకపోతే మర్నాడు రాయవచ్చు.

ఇప్పటికి జరిగిన గట్టి ప్రయోగాల్లో ఒకటి కాన్సస్ రాష్ట్రంలో జరిగింది. 2020 మార్చిలో మహిళల సంస్థ ఇన్విక్టా పోటీల్లో అక్కడి కమిషన్ బహిరంగ స్కోరు పద్ధతిని అనుమతించింది. ప్రతి రౌండు తర్వాత అంకెలు బరిలో ఉన్నవారికీ, వారి శిక్షకులకూ తెలుస్తాయి. దీని మీద వచ్చే ప్రధాన అభ్యంతరం, ముందంజలో ఉన్నవాడు చివరి రౌండులో తప్పించుకు తిరుగుతాడని. మన ఓట్ల లెక్కింపులో రౌండ్ల వారీగా ఆధిక్యాలు ప్రకటిస్తారు. ఏడో రౌండు ముగిసేసరికి ఎవరు ఎంత ముందున్నారో టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడికీ తెలుస్తుంది. అక్కడ ఓట్లు పెట్టెలో పడిపోయాయి, ఇక్కడ పోరు ఇంకా నడుస్తోంది. కాబట్టి అభ్యంతరంలో కొంత పస ఉంది. అయినా వెనకబడ్డవాడికి ఆ సంగతి ముందే తెలిస్తే చివరి ఐదు నిమిషాలు అతను ఎలా పోరాడతాడన్నది కూడా లెక్కలోకి రావాలి కదా. ఆ రాత్రి లాస్ వేగస్‌లో చివరి రౌండుకు ముందు రెండు కార్డుల మీద తాను సమానంగానే ఉన్నానని హెండ్రిక్స్‌కు ఎవరూ చెప్పలేదు.