ఒక ద్వీపములోని బల్లుల చరిత్ర

రాజులకును రాజ్యములకును చరిత్ర యున్నట్లే అల్పప్రాణులకును చరిత్ర కలదు. అట్టి దొకటి ఈ ప్రసంగమున మీకు మనవి చేసెదను.

ఇటలీదేశమునకు తూర్పున ఆడ్రియాటిక్ సముద్రము కలదు. దాని యావలి తీరమున, నేటి క్రొయేషియాలో, పోద్ కోపిష్టె, పోద్ మర్చారు అను రెండు చిన్న దీవు లున్నవి. 1971వ సంవత్సరమున, ఆ ప్రాంతము యుగోస్లావియాలో నుండగా, శాస్త్రజ్ఞులు మొదటి దీవినుండి అయిదు జంటల బల్లులను తెచ్చి రెండవదానియందు విడిచిరి. ఇవి మన యింటి గోడలమీది బల్లులు గావు. ఎండలో రాళ్లపై పరుగిడు జాతివి. పురుగులే వీని ముఖ్యాహారము. రెండవ దీవిలో అంతకుముందే వేరొక జాతి బల్లు లుండెను. రెండు జాతులును ఒక్కచోట చేరినచో ఏది నిలుచునో చూడవలెనని వారి తలంపు.

1991లో ఆ దేశమున యుద్ధము వచ్చి పరిశీలనకు అడ్డుపడెను. 2004 మొదలుకొని శాస్త్రజ్ఞులు మరల పోయి చూచి, 2008లో తమ ఫలితములను ప్రకటించిరి. దీవియంతయు క్రొత్తగా వచ్చిన బల్లులతో నిండియుండెను. తల్లివంశమున సంక్రమించు జన్యులక్షణమును పరీక్షింపగా, అవి మొదటి దీవి సంతతియే యని తేలెను. కాని వాని తలలు పెద్దవయ్యెను. కొరుకు బలము హెచ్చెను. మొదటి దీవి బల్లుల యాహారములో ఆకులలములు వేసవిని నూటికి 4 పాళ్లే. ఇచ్చట 61 పాళ్లు. ఆకును నిలిపి జీర్ణింపజేయుటకు ప్రేగులలో అడ్డుమడతలు కూడ నేర్పడెను. ఇదంతయు 36 సంవత్సరములలోనే జరిగినది.

ఇందు ఆహారమువలన వచ్చిన మార్పెంత, బీజమువలన వచ్చిన మార్పెంత యని వేరుపఱచుట శాస్త్రజ్ఞుల పని. నేను మీ దృష్టికి తేదలచినది మఱియొకటి. పూర్వమునుండి ఆ దీవిలో నున్న బల్లులు అచ్చట నశించెను. ఆ జాతి ఇతర దీవులలో నేటికిని కలదు. అయినను ఈ దీవి రాళ్లకును గాలికిని తగినట్లు తరతరములుగా బ్రదికిన శాఖ మరల రాదు. క్రొత్తవి ఎంత చక్కగా వర్ధిల్లినను, అవి పది తలలనుండి పుట్టినవే; పది ప్రాణులు తమ జాతిలోని బీజభేదముల నన్నిటిని వెంట గొనిరాజాలవు.

మన రైతులు ఈ సంగతి నెఱుగుదురు. చౌడునేలకు తగిన వడ్లు వేఱు, ముంపునకు తగిన వడ్లు వేఱు. ఒకే విత్తనము పొలమంతట పచ్చగా పండిన యేడు, పాత విత్తనపుగంప ఖాళీ యైనదేమో చూచుకొనవలెను. ముందుతరములకు ఏ కాలము వచ్చునో, ఏ విత్తనము కావలసివచ్చునో మనము నేడే నిర్ణయింపజాలము గదా.