మడ అడవులు: ఉప్పెనలు నేర్పిన పాఠం

"మన ఊరికి సముద్రమే లేదు కదా టీచర్, ఈ పాఠం మనకెందుకు?" ఆరవ తరగతిలో మడ అడవుల గురించి చెబుతున్నప్పుడు ఒక బాలిక నన్నడిగిన ప్రశ్న ఇది. అంతకుముందు ఎన్నో ఏళ్ళు నేను ఆ పాఠాన్ని ఒక్క నిర్వచనంతో ముగించి, పిల్లలచేత కంఠస్థం చేయించేదానను. ఆ ప్రశ్న నన్ను మళ్ళీ విద్యార్థినిని చేసింది.

మంచేనహళ్ళి వాసులమైన మనకు సముద్రం దూరమే. కాని మన నంది కొండల వరుసలో పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు మీదుగా ఆంధ్రదేశంలో ప్రవేశించి, పెన్నగా పేరొంది, నెల్లూరు జిల్లాలో సాగరాన్ని చేరుతుంది. బాగేపల్లి ప్రక్కగా పారే చిత్రావతి కూడా ఆ పెన్నలోనే కలుస్తుంది. నది తెచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి, సముద్రపు ఉప్పునీరు కలిసే చోటనే మడ బ్రతుకుతుంది. నెల్లూరు తీరాన అది కొద్దిగానే ఉన్నది. దాని విశ్వరూపం చూడాలంటే ఇంకా ఉత్తరానికి, కాకినాడ సమీపాన గోదావరి సాగరసంగమం వద్ద ఉన్న కోరంగికి వెళ్ళాలి.

మడచెట్టు జీవనమే ఒక విజ్ఞానశాస్త్ర పాఠం. బురదలో ప్రాణవాయువు ఉండదు కనుక తెల్లమడ తన శ్వాసవేళ్ళను నేలపైకి నిలువుగా పంపుతుంది. ఒంటిలో చేరిన ఉప్పును ఆకుల ద్వారా విసర్జిస్తుంది. పొన్న ఊతవేళ్ళపై నిలబడుతుంది. దాని విత్తనం తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, మొక్కగా మారి బురదలోకి జారుతుంది. ఆ వేళ్ళ నడుమనే చేపపిల్లలు, రొయ్యలు, పీతలు పెరుగుతాయి. మత్స్యకారుల కూడు అక్కడే మొదలవుతుంది.

కోరంగి ఒకనాడు ఓడల నిర్మాణానికి పేరొందిన రేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన దానిని ముంచెత్తింది. రెండవ దెబ్బ తరువాత ఆ రేవుకు పూర్వవైభవం దక్కలేదు. 1977 నవంబరు 19న కృష్ణా ముఖద్వారంలోని దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టింది. ఆ విపత్తులో సుమారు పదివేలమంది అసువులు బాశారు. 1996 నవంబరు 6న కాకినాడ ప్రాంతాన్ని తాకిన తుపానులో సుమారు వేయిమంది మరణించగా, వేటకు వెళ్ళిన మత్స్యకారులెందరో తిరిగిరాలేదు.

ఇన్ని విపత్తుల నడుమ మనిషి మడను ఏమి చేశాడు? వంటచెరకుగా నరికాడు, పనికిరాని బురదనేల అని తలచి రొయ్యల చెరువులు త్రవ్వాడు. మేల్కొలుపు మెల్లగా వచ్చింది. 1978లో కోరంగి అభయారణ్యమైంది. 1991 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన మడకు రక్షణ కల్పించింది. 1996 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానం తీరమండలిలోని రొయ్యల చెరువులను తొలగించవలసిందిగా తీర్పు చెప్పింది. ఆ దశాబ్దంలోనే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి పునరుద్ధరణకు పూనుకున్నారు. పాటునీరు చేరక ఉప్పుతేలిన నేలలో చేపముల్లు ఆకారంలో కాలువలు త్రవ్వి, నీటిని నడిపించి, మొక్కలు నాటారు. చచ్చిన నేల మళ్ళీ పచ్చబడింది.

మడ ఒక్కటే ఉప్పెనను ఆపగలదని పిల్లలకు చెప్పరాదు. పెద్ద ఉప్పెనకు ముందస్తు హెచ్చరిక, ఆశ్రయభవనాలు తప్పనిసరి. కాని మడ అల ఉధృతిని తగ్గిస్తుంది. 1999 నాటి ఒరిస్సా పెనుతుపానులో, మడ విస్తారంగా ఉన్న గ్రామాలలో మరణాలు తక్కువగా ఉన్నాయని 2009లో వెలువడిన పరిశోధన నిరూపించింది.

పాఠశాలలో పర్యావరణ విద్య తప్పనిసరి కావాలని సర్వోన్నత న్యాయస్థానం 1991లోనే ఆదేశించింది. 2001లో జాతీయ హరిత దళం పేర బడులలో పర్యావరణ సంఘాలు వెలిశాయి. యునెస్కో జూలై 26ను మడ అడవుల పరిరక్షణ దినంగా 2015లో గుర్తించింది. అయితే ఆదేశాలు, దినోత్సవాలు పాఠాన్ని తరగతిగది వాకిలి వరకే తేగలవు. దానిని పిల్లవాని మనస్సులో నాటవలసినవాడు ఉపాధ్యాయుడే. తీరపు బిడ్డను బురదలోకి నడిపించి శ్వాసవేళ్ళను తాకనివ్వాలి. మన బిడ్డను చెరువుకట్ట మీద నిలబెట్టి, ఈ నీటి చివరి మజిలీ ఏదో పటంలో వేలుపెట్టి చూపించాలి.

ఆ బాలికకు నేను చెప్పిన సమాధానం ఇదే: "అమ్మా, మనకు సముద్రం లేదు, కాని మన నదికి ఉన్నది. ఎగువన మనం వాగులో వేసిన చెత్త, గట్టున నరికిన చెట్టు, దిగువన ఎవరి బ్రతుకునో తాకుతాయి."

పెద్దలు ఈ సత్యాన్ని ఉప్పెనల వలన, శవాల లెక్కల వలన నేర్చుకున్నారు. పిల్లలు దానిని పుస్తకం వలన, ప్రశ్న వలన నేర్చుకోగలగాలి. బడి ఉన్నది అందుకే. డెబ్బది ఐదు సంవత్సరాలుగా తెలుగు బిడ్డల ప్రశ్నలకు చోటిచ్చిన ఈ పాఠశాల, ఇకముందు కూడా ఆ ప్రశ్నలను ఆదరిస్తూ చిరకాలం వర్ధిల్లుగాక!