కలపుగీత చుక్కలుగా మారిన కథ

1980 దశకములో ఇంజనీర్లు వంతెనల పటములను, యంత్రభాగముల పటములను కంప్యూటరుచేత గీయించుటకు ప్లాటరు అను యంత్రమును వాడెడివారు. దీనిలో నిజమైన కలముండును. అది కాగితముపై అటునిటు నడచి గీతలు గీయును. హ్యూలెట్-పాకార్డ్ సంస్థవారి 7475ఏ అను ప్లాటరు ఆరు కలములను మార్చి మార్చి వాడగలిగెడిది.

ఈ కలమును నడపుటకు ఆ సంస్థవారు హెచ్.పి.జి.ఎల్. అను ఆజ్ఞాభాషను ఏర్పరచిరి. అది మిక్కిలి సులభము. 'పి.యు.' అనగా కలమునెత్తుము, 'పి.డి.' అనగా దింపుము, 'పి.ఎ.' అనగా చెప్పిన స్థానమునకు పొమ్ము. దూరమునకు ప్రమాణము మిల్లీమీటరులో 40వ వంతు. కావున ఒక అంగుళపు గీతకు 1016 ప్రమాణములు కావలయును. పటమంతయు ఇట్టి ఆజ్ఞల వరుసగా ఒక ఫైలులో నిలిచియుండును.

అయితే ప్లాటరు ఖరీదైన వస్తువు. సామాన్యుల బల్లపై ఉండినది సూదులతో చుక్కలు పొడిచెడి డాట్ మాట్రిక్స్ ప్రింటరు మాత్రమే. చేతిలో ఫైలున్నను పటము కాగితముమీదికి వచ్చుట ఎట్లు?

ఇందు రెండు చిక్కులు కలవు. మొదటిది క్రమమునకు సంబంధించినది. కలము కాగితముపై ఎచ్చటికైనను మరల పోగలదు. ప్రింటరు పైనుండి క్రిందికి వరుసగా ముద్రించుచు పోవును. కనుక ముందుగా పటమునంతను చుక్కలుగా లెక్కించి కంప్యూటరు జ్ఞాపకములో ఉంచుకొనవలయును. అంగుళమునకు 300 చుక్కలుంచు లేజరు ప్రింటరునే తీసికొందము. 8.5 అంగుళముల వెడల్పు, 11 అంగుళముల పొడవు గల కాగితమునకు 84,15,000 చుక్కలు కావలయును. చుక్కకొక బిట్టు చొప్పున ఇది 10,51,875 బైట్లగును. నాటి డాస్ కంప్యూటరులో ప్రోగ్రాములకు సాధారణముగా దొరకు జ్ఞాపకస్థలము 6,55,360 బైట్లకు మించదు. దీనికొక ఉపాయము కలదు. కాగితమును అడ్డపట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీలో పడు గీతలను మాత్రమే లెక్కించి ముద్రించి, అదే స్థలమును తరువాతి పట్టీకి వాడుకొనుటయే ఆ ఉపాయము.

రెండవ చిక్కు ఏటవాలు గీత. అది ఏ చుక్కల మీదుగా పోవలయును? దీనికి సమాధానము 1962లోనే ఐ.బి.ఎం. సంస్థలో జాక్ బ్రెసెన్‌హామ్ కనుగొనెను, 1965లో ప్రకటించెను. (0,0) నుండి (7,3) వరకు గీత గీయవలెననుకొందము. అడ్డముగా ఒక్కొక్క గడి జరుగుచుండగా ఎత్తు 0, 0, 1, 1, 2, 2, 3, 3 అగును. ఏ గడి అసలు గీతకు దగ్గరగా నున్నదో అడుగడుగునకు కూడికలతోనే తేలును. గుణకార భాగహారములతో పనిలేదు. విద్యార్థులు గళ్ల కాగితముపై దీనిని సరిచూచుకొనవచ్చును. విశేషమేమనగా, బ్రెసెన్‌హామ్ ఈ పద్ధతిని రచించినది ప్లాటరు కొరకే. కలమును చిన్న చిన్న అడుగులుగా నడపుటకు పుట్టిన సూత్రమే, కలములేని యంత్రములపై గీతలు గీయుటకును ప్రసిద్ధ సాధనమైనది.

ఈ మార్పిడి చేయు ప్రోగ్రాములలో ఒకటి అమెరికాలో రావిట్జ్ సాఫ్ట్‌వేర్ వారి ప్రింట్‌జి.ఎల్. ఇది హెచ్.పి.జి.ఎల్. ఫైలును తెరపై చూపి, మామూలు ప్రింటరుపై ముద్రించెడిది. ఇది షేర్‌వేర్ పద్ధతిలో వ్యాపించెను. అనగా ప్రోగ్రామును మిత్రులకు నకలు తీసి ఈయవచ్చును. వాడి చూచి, ఉపయోగమున్నదని తోచినవారు కర్తకు రుసుము పంపవలయును. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్, జిమ్ నాఫ్ మొదలగువారు అమెరికాలో ఈ మార్గమునకు ఆద్యులైరి. దుకాణము, ప్రకటనలు లేకుండ వాడుకరి నిజాయితీయే మూలధనముగా నడచిన వ్యాపారమిది.

1990లో వెలువడిన లేజర్‌జెట్ 3 ప్రింటరులో ఈ ఆజ్ఞాభాష యొక్క రెండవ రూపము యంత్రములోనే అమర్చబడెను. కాలక్రమమున కలపు ప్లాటర్లు మూలబడెను. కాని భాష మాత్రము అంతరింపలేదు. నేటికిని స్టిక్కరు రేకులపై అక్షరములు కోయు యంత్రములు అనేకము ఆ ఆజ్ఞలనే పాటించుచున్నవి. కలమున్న చోట ఇప్పుడు కత్తి యున్నది. గీతను స్పష్టమైన చిన్న ఆజ్ఞలుగా వ్రాసి యుంచినందువలననే అది కలమునకును, చుక్కకును, కత్తికిని సమానముగా పనికివచ్చినది.