మోర్మన్ యువ మిషనరీల సమాజ సేవ

యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘాన్ని జనవ్యవహారంలో మోర్మన్ చర్చి అంటారు. ఆ సంఘం తరఫున దేశదేశాలకు వెళ్లే యువ మిషనరీలు మత ప్రచారానికి తోడుగానూ, కొన్ని సందర్భాల్లో దానికి బదులుగానూ చేసే శ్రమదానం, చదువు చెప్పడం, సహాయ కార్యక్రమాలు ఈ సేవ కిందికి వస్తాయి. సాధారణంగా యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు ఇంటికి దూరంగా ఉండి పని చేస్తారు. దీనికి జీతం ఉండదు. ఖర్చు వారిది, లేదా వారి కుటుంబానిది. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా తిరుగుతారు, చొక్కా మీద పేరున్న నల్లబిళ్ల పెట్టుకుంటారు. యువకుణ్ణి ఎల్డర్ అనీ, యువతిని సిస్టర్ అనీ పిలుస్తారు. ఎల్డర్ అంటే పెద్ద. మీసకట్టు కూడా సరిగా రాని వయసులోనే ఆ పిలుపు దక్కుతుంది.

జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో ఈ సంఘాన్ని స్థాపించాడు. అదే ఏడాది జూన్‌లో అతని తమ్ముడు శామ్యూల్ పుస్తకాల సంచితో ఊళ్లు తిరగడంతో మిషనరీ పని మొదలైంది. తొలితరం వారు చేతిలో పైసా లేకుండా బయలుదేరి, అన్నానికీ పడకకూ ఆతిథ్యమిచ్చిన ఇంటి మీదనే ఆధారపడేవారు. ఊరివారి పనిలో చేయి వేసినా దానిని సేవ అని విడిగా లెక్క కట్టలేదు. 1853లో మద్రాసులో దిగిన రిచర్డ్ బాలంటైన్ అంతకు నాలుగేళ్ల ముందే సాల్ట్ లేక్ సిటీలో సంఘపు తొలి ఆదివారపు బడిని నడిపినవాడు. అయినా మద్రాసులో అతని పని ప్రసంగాలు, పత్రికా ప్రచురణ దాటలేదు. మరుసటి ఏడాదే వెనుదిరిగాడు. అవివాహిత యువతులను అధికారికంగా పంపడం 1898లో ఇంగ్లండ్‌కు వెళ్లిన ఇద్దరితో మొదలైంది. ఆర్థిక మాంద్యం కాలంలో, 1936లో, సంఘం ప్రారంభించిన సంక్షేమ పథకం ప్రధానంగా సొంత సభ్యుల కోసం ఏర్పడినది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ఘట్టం దక్షిణ పసిఫిక్ దీవులలో నడిచింది. టోంగాలో లియాహోనా పాఠశాల కట్టడానికి తాపీ, వడ్రంగం తెలిసినవారు చాలినంతమంది దొరకలేదు. దానితో 1950 ప్రాంతంలో స్థానిక యువకులనే మిషనరీలుగా పిలిచి, బైబిలుకు బదులు తాపీ చేతికిచ్చారు. వీరికి శ్రామిక మిషనరీలు అని పేరు వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన అనుభవజ్ఞులైన మేస్త్రీలు పని నేర్పేవారు; తిండి, వసతి భారం స్థానిక సభ్యులు మోసేవారు. వెండెల్ మెండెన్‌హాల్ నాయకత్వంలో ఈ పద్ధతి సమోవా, న్యూజిలాండ్, హవాయి వరకూ విస్తరించింది.

న్యూజిలాండ్‌లో హామిల్టన్ పట్టణం దగ్గర కళాశాలను, దేవాలయాన్ని కట్టిన తీరు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కాంక్రీటు దిమ్మెలను పని జరిగేచోటనే పోసుకున్నారు. మావోరీ కుటుంబాలు కొన్ని ఇల్లువాకిలి వదిలి పిల్లాపాపలతో అక్కడికే తరలివచ్చాయి. పురుషులు గోడలు లేపుతుంటే స్త్రీలు వంటశాలలు నడిపారు. 1958 ఏప్రిల్ 20న ప్రతిష్ఠించిన ఆ దేవాలయం దక్షిణార్ధగోళంలో ఈ సంఘానికి మొదటిది. కళాశాల 2009 వరకు నడిచింది. హవాయిలోని లాయియేలో 1955లో పాత సైనిక భవనాలలో తెరిచిన కళాశాలకు శాశ్వత భవనాలు కట్టినదీ, 1963 అక్టోబరు 12న ప్రారంభమైన పాలినేసియన్ సాంస్కృతిక కేంద్రాన్ని నిలబెట్టినదీ శ్రామిక మిషనరీలే. ఆ కేంద్రం పనిలో వందమందికి పైగా పాల్గొన్నారు. తరువాత బ్రిటన్‌తో సహా ఐరోపాలోనూ ప్రార్థనాలయాలు ఇలాగే కట్టారు. 1960ల చివరికి ఈ పద్ధతి ముగిసింది. కట్టినవి సంఘం సొంత భవనాలే కనుక దీనిని అచ్చమైన సమాజ సేవ అనవచ్చునా అన్న సందేహం సహజం. అయితే చేతిపని తెలియని వందలాది యువకులు తాపీ, వడ్రంగం, విద్యుత్తు పనులు నేర్చి జీవనోపాధి పొందారు. ఆ తరవాత వచ్చిన ఏ పథకానికీ ఇంతటి ఫలితం కనబడదు.

1971లో ఆరోగ్య మిషనరీలు వచ్చారు. వీరిలో నర్సులు ఎక్కువ. పరిశుభ్రత, పోషణ, శిశుసంరక్షణ నేర్పడం వీరి పని. 1980లలో థాయిలాండ్‌లోని ఫనత్ నిఖోమ్ శరణార్థి శిబిరంలో, అమెరికా వెళ్లబోతున్న ఆగ్నేయాసియా శరణార్థులకు ఇంగ్లీషు, అక్కడి జీవన పద్ధతులు బోధించినవారిలో మోర్మన్ యువతులూ ఉన్నారు.

సాధారణ మిషనరీకి మాత్రం సేవ చాలాకాలం వారానికి నాలుగు గంటలకు మించలేదు. ఉచిత ఇంగ్లీషు తరగతులు, ముసలివారి ఇళ్లు శుభ్రం చేయడం, తోటపని, ఆహార వితరణ కేంద్రాలలో మూటలు కట్టడం ఇందులో ఉండేవి. 1998లో దక్షిణ అమెరికాలో మొదలైన హెల్పింగ్ హాండ్స్ కార్యక్రమంతో తుపానులు, వరదలు వచ్చినచోట పసుపుపచ్చ చొక్కాల బృందాలు కనబడసాగాయి. వాటిలో స్థానిక సభ్యులతో పాటు మిషనరీలూ శిథిలాలు తొలగిస్తారు.

తెలుగు నేలపై ఈ సంఘం వేళ్లూనడం 1978 డిసెంబరులో మొదలైంది. సమోవాలో స్థిరపడిన హైదరాబాదు దంపతులు స్వల్పకాల మిషనరీలుగా సొంతూరికి వచ్చి బంధువులకు బాప్తిస్మం ఇప్పించారు. 1993లో బెంగళూరు కేంద్రంగా మిషన్ ఏర్పడింది. విదేశీ ప్రచారకులకు వీసాలు పరిమితం కావడంతో ఇక్కడి పని క్రమంగా భారతీయ యువతీయువకుల చేతికే వచ్చింది. దేశంలో మొదటి స్టేక్, అంటే అనేక స్థానిక సంఘాల సమాఖ్య, 2012 మే నెలలో హైదరాబాదులోనే నెలకొంది.

2012 అక్టోబరు 6న అధ్యక్షుడు థామస్ మాన్సన్ మిషనరీల కనీస వయసును యువకులకు 19 నుంచి 18కి, యువతులకు 21 నుంచి 19కి తగ్గించాడు. 58,000 చిల్లర ఉన్న మిషనరీల సంఖ్య ఏడాది తిరిగేసరికి 80,000 దాటింది. రష్యాలో 2016 నాటి చట్టం ఇంటింటి ప్రచారాన్ని కట్టడి చేయడంతో అక్కడి మిషనరీలకు స్వచ్ఛంద సేవకులు అనే పేరు పెట్టారు.

ఆరోగ్య కారణాల వల్ల ప్రచారానికి వెళ్లలేనివారిని అంతకుముందు మర్యాదగా మినహాయించేవారు. 2019 జనవరి నుంచి అమెరికా, కెనడాలలో వారికి సేవా మిషన్ అనే ప్రత్యేక మార్గం ఏర్పడింది. ప్రచార మిషనరీలకూ సేవా మిషనరీలకూ దరఖాస్తు ఒకటే. సేవా మిషనరీలు ఇంటివద్దనే ఉండి, తమ ఊళ్లోని ధర్మసంస్థలలోనూ సంఘపు గిడ్డంగులలోనూ పని చేస్తారు. 2020 మార్చిలో కరోనా వ్యాప్తి మూలంగా వేలాది మిషనరీలను స్వదేశాలకు పంపివేశారు. తలుపులు తట్టే వీలులేని ఆ నెలల్లో మిగిలినవారు ప్రచారాన్ని, ఇంగ్లీషు తరగతులను ఫోన్ల ద్వారా, ఇంటర్నెట్ ద్వారా సాగించారు.